చేతులు నులుముకునే బాలికలు: ఒక జన్యువు కోసం పదహారేళ్ళ అన్వేషణ

ఈసారి మీకు చెప్పబోయే వ్యాధి అరుదైనది. పదివేల నుంచి పదిహేనువేల మంది ఆడశిశువుల్లో ఒకరికి మాత్రమే వస్తుంది. దాని పేరు రెట్ సిండ్రోమ్. మీలో చాలామంది ఆ పేరు విని ఉండరు. అయినా దాని చరిత్రను మీ ముందుంచడానికి బలమైన కారణం ఒకటుంది. బిడ్డ మెదడు ఎదుగుదలలో లోపం కనబడగానే మన ఇళ్ళలో మొదటి వేలు తల్లివైపే చూపుతుంది. గ్రహణం నాడు గడప దాటిందనో, కడుపుతో ఉండగా తినరానిది తిన్నదనో, ఏదో చూసి దడుచుకున్నదనో అంటారు. ఆ నిందకు జన్యుశాస్త్రం ఏమని బదులు చెప్పిందో, ఆ బదులు రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో ఈ వ్యాధి చరిత్రలో స్పష్టంగా కనబడుతుంది.

ముందుగా వ్యాధి స్వరూపం. ఒక ఇంట ఆడపిల్ల పుట్టిందనుకుందాం. కాన్పు సజావుగానే జరిగింది. పాప పాలు తాగింది, బోర్లా పడింది, పిలిస్తే నవ్వింది, ‘అత్త’, ‘తాత’ అన్నది. ఆరు నెలలకూ ఏడాదిన్నరకూ మధ్య ఎదుగుదల మందగిస్తుంది. ఆ తరువాత వచ్చిన మాటలు ఒక్కొక్కటే పోతాయి. పళ్ళెంలోంచి మరమరాలు ఏరుకుని తినే వేళ్ళు ఆ పని మరచిపోతాయి. దానికి బదులు, మేలుకొని ఉన్నంతసేపూ పాప రెండు చేతులూ ఛాతీ ముందు కలిపి నులుముకుంటూ ఉంటుంది. సబ్బుతో కడుక్కుంటున్నట్లు రుద్దుకుంటూ ఉంటుంది. తల చుట్టుకొలత వయసుకు తగినట్లు పెరగదు. నడక తడబడుతుంది, కొందరికి నడకే రాదు. ఊపిరి ఒకసారి వేగంగా సాగుతుంది, మరొకసారి బిగబట్టినట్లు ఆగుతుంది. మూర్ఛలు వస్తాయి, వెన్ను వంకరపోతుంది. వీరిలో చాలామంది పెరిగి పెద్దవారై నడివయసు దాకా కూడా జీవిస్తారు. కనుక తల్లిదండ్రులు మోయవలసిన కాలం చిన్నది కాదు.

ఈ బాలికలను మొదట గుర్తించినది వియన్నా నగరంలోని శిశువైద్యుడు ఆండ్రియాస్ రెట్. 1954లో ఆయన వైద్యశాల నిరీక్షణ గదిలో ఇద్దరు తల్లులు తమ కూతుళ్ళను ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు. ఇద్దరూ పిల్లల చేతులను గట్టిగా పట్టుకుని ఉన్నారు. పట్టు వదలగానే ఇద్దరు పిల్లలూ ఒకే తీరున చేతులు నులుముకోవడం మొదలుపెట్టారు. ఒకరికొకరు ఏ బంధుత్వమూ లేని ఇద్దరు పిల్లలకు అచ్చంగా ఒకే కదలిక ఎలా వచ్చింది? రెట్ తన పాత రికార్డులు తిరగేయించారు. అటువంటి బాలికలు మరికొందరు బయటపడ్డారు. వారి కదలికలను ఆయన ఫిల్ము మీద చిత్రీకరించి, ఐరోపాలో తిరిగి, ఇటువంటి పిల్లలను మీరెవరైనా చూశారా అని తోటి వైద్యులను అడిగారు. 1966లో జర్మన్ భాషలో తన పరిశీలనను ప్రచురించారు. రక్తంలో అమోనియా పెరగడం దీనికి కారణమై ఉండవచ్చునని ఆ వ్యాసంలో ఊహించారు. ఆ ఊహ తరువాత నిలవలేదు. జర్మన్ చదవని లోకం ఆ వ్యాసాన్ని పట్టించుకోలేదు. 1970లలో మేము వైద్యవిద్య చదివినప్పుడు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఈ పేరు కనబడలేదు.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నగరంలో బెంగ్ట్ హగ్‌బెర్గ్ అనే శిశు నాడీవైద్యుడు కూడా ఇటువంటి బాలికలను విడిగా గమనిస్తూ వచ్చారు. ఫ్రాన్సు, పోర్చుగల్, స్వీడన్ దేశాలకు చెందిన 35 మంది బాలికల వివరాలతో ఆయనా, ఆయన సహచరులూ 1983లో ఆంగ్లంలో ఒక వ్యాసం ప్రచురించారు. తమకంటే ముందే రెట్ దీనిని వర్ణించారని తెలుసుకొని, వ్యాధికి ఆయన పేరే పెట్టారు. ఈ ఔదార్యం విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఎప్పుడూ కనబడేది కాదు, అందుకే ప్రత్యేకించి చెబుతున్నాను.

ఆ వ్యాసం వెలువడిన కొద్దికాలానికే, అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో శిక్షణ పొందుతున్న ఒక యువ వైద్యురాలి దృష్టిలో అది పడింది. ఆమె హుడా జోగ్బీ. ఇక్కడి నుంచి కథ ఆమెది.

జోగ్బీ 1954లో లెబనాన్ రాజధాని బేరూత్‌లో జన్మించారు. వియన్నాలో రెట్ ఆ ఇద్దరు బాలికలను చూసిన సంవత్సరమే అది. ఆమెకు సాహిత్యమంటే ప్రాణం. ఆంగ్ల సాహిత్యం చదవాలనుకున్నారు. వైద్యురాలివైతే తీరిక వేళల్లో రాసుకోవచ్చు గదా అని తల్లి నచ్చజెప్పి సైన్సు వైపు మళ్ళించారట. మన ఇళ్ళలోనూ వినబడే మాటే. 1975లో బేరూత్‌లోని అమెరికన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరారు. ఆ సంవత్సరమే లెబనాన్‌లో అంతర్యుద్ధం చెలరేగింది. మొదటి సంవత్సరం చదువు బాంబుల మోతల నడుమ ముగిసింది. 1976 వేసవిలో తల్లిదండ్రులు ఆమెను అమెరికా పంపారు. కొద్ది నెలలకే తిరిగి వద్దామనుకున్నారు, యుద్ధం ఆగలేదు. అప్పటికి అక్కడి వైద్యకళాశాలల్లో ప్రవేశాల గడువు దాటిపోయింది. ఆదరించినది నాష్‌విల్‌లోని మెహారీ వైద్యకళాశాల. నల్లజాతి వైద్యులకు శిక్షణ ఇవ్వడానికి పందొమ్మిదో శతాబ్దంలో వెలసిన సంస్థ అది. 1979లో అక్కడ పట్టా పుచ్చుకొని, శిశువైద్యంలోనూ ఆపైన నాడీవైద్యంలోనూ శిక్షణకు హ్యూస్టన్‌లోని బేలర్ వైద్యకళాశాలకు వెళ్ళారు.

1983లో ఆమె వద్దకు దాదాపు ఐదేళ్ళ బాలిక వచ్చింది. పుట్టి రెండేళ్ళు నిండేదాకా చక్కగా పెరిగిన పాప క్రమంగా మాటలు పోగొట్టుకుని, చేతులు నులుముకుంటూ ఉంది. హగ్‌బెర్గ్ వ్యాసంలోని వర్ణన ఎదుట వచ్చి నిలబడినట్లయింది. వారం తిరగకముందే పన్నెండేళ్ళ మరొక బాలికను చూశారు. ఆ బాలిక కాగితాల మీద ‘సెరిబ్రల్ పాల్సీ’ అని రాసి ఉంది, అంటే కాన్పు సమయంలోనో అంతకుముందో మెదడు దెబ్బతిన్నదని. కానీ చేతులు మాత్రం అదే పని చేస్తున్నాయి. పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఒక్క రోగిని చూస్తే అది విడ్డూరం. ఇద్దరిని చూస్తే అది ప్రశ్న. జోగ్బీ ఆసుపత్రి పాత రికార్డులు వెదికారు. ఇటువంటి బాలికలు ఇంకా దొరికారు. మూడు దశాబ్దాల క్రితం వియన్నాలో రెట్ చేసిన పనే ఆమె హ్యూస్టన్‌లో మళ్ళీ చేశారు. ఆరుగురు బాలికల వెన్నునీటిని పరీక్షించి, అందులోని కొన్ని నాడీ రసాయనాలు తగ్గి ఉన్నాయని ఆమె బృందం 1985లో ప్రకటించింది.

అంతటితో తృప్తి పడవచ్చు. ఆమె పడలేదు. ఒకే రూపంలో, ఒకే క్రమంలో, దాదాపు ఆడపిల్లల్లో మాత్రమే కనబడుతున్నదంటే మూలం జన్యువులోనే ఉండాలని ఆమె నమ్మారు. చాలామందికి ఆ నమ్మకం కలగలేదు. జన్యువ్యాధి అయితే వంశంలో ఇంకొకరికి ఉండాలి గదా అన్నది వారి ఆక్షేపణ. ఈ బాలికల్లో నూటికి తొంభైతొమ్మిది మందికి కుటుంబంలో మరెవరికీ ఆ వ్యాధి లేదు. ఆక్షేపణలో న్యాయం లేకపోలేదు. ఆనాడు జన్యువును వెదికే పద్ధతంతా పెద్ద కుటుంబాల మీద ఆధారపడి ఉండేది. మూడు నాలుగు తరాల్లో ఎవరికి వ్యాధి ఉన్నది, ఎవరికి లేదు అని వంశవృక్షం గీసి, రోగులందరూ పంచుకున్న క్రోమోజోము ముక్క ఏదో పట్టుకోవాలి. వంశవృక్షమే లేని వ్యాధిలో ఏది పట్టుకుంటారు?

అందుకే జన్యుశాస్త్రంలో ఆమెకు గురువైన ఆర్థర్ బోడే ముందు సాధ్యమయ్యే సమస్యను తీసుకొమ్మన్నారు. ఆమె తీసుకున్నది, చిన్నమెదడు క్షీణించి నడక తూలిపోయే ఒక వంశపారంపర్య వ్యాధి. టెక్సాస్‌లోని ఒక పెద్ద కుటుంబంలో అది తరతరాలుగా ఉన్నది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో హ్యారీ ఓర్ కూడా అదే జన్యువును వెదుకుతున్నారు. పోటీ పడటం మాని ఇద్దరూ చేతులు కలిపారు. 1993 ఏప్రిల్‌లో ఇద్దరి ప్రయోగశాలల్లోనూ ఒకే రోజున ఆ జన్యువు దొరికింది. ఆరోగ్యవంతుల్లో సుమారు ముప్పైసార్లు వరుసగా వచ్చే ఒక మూడక్షరాల మాట ఈ రోగుల్లో నలభై, యాభై, ఒక్కోసారి ఎనభైసార్ల దాకా వస్తున్నది. ఎన్ని ఎక్కువసార్లు వస్తే వ్యాధి అంత చిన్న వయసులో మొదలవుతుంది. ఈ ఒక్క పనితోనే ఆమె పేరు చరిత్రలో నిలిచేది. కానీ ఆమె మనసు రెట్ బాలికలను విడిచిపెట్టలేదు.

వంశవృక్షం లేదన్నాను గాని, అక్కడక్కడ ఒకటి రెండు కుటుంబాలు దొరికాయి. ఒకే తల్లికి వేరు వేరు తండ్రుల వల్ల పుట్టిన ఇద్దరు అక్కచెల్లెళ్ళకు ఈ వ్యాధి ఉన్న కుటుంబం వాటిలో ఒకటి. స్త్రీకి రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి. వాటిలోంచి కొంత కొంత కలిపి తల్లి ఒక్కొక్క బిడ్డకు ఒకటి ఇస్తుంది. ఆ ఇద్దరు కూతుళ్ళూ తల్లి నుంచి ఒకేలా పొందిన భాగంలోనే దోషం ఉండాలి. వేరువేరుగా పొందిన భాగాలను కొట్టివేయవచ్చు. ఇలా కొట్టివేస్తూ పోగా ఎక్స్ క్రోమోజోము పొడవైన చేతి చిట్టచివర మిగిలింది. అక్కడ కూడా జన్యువులు అనేకం. ఒక్కొక్కదానినీ చదివి, రోగికీ తల్లిదండ్రులకూ పోల్చి, తప్పు లేదని తేలగానే పక్కన పెట్టి తరువాతి దానికి పోవాలి. ఏళ్ళ తరబడి ‘తప్పు లేదు’ అన్న ఫలితమే వస్తుంటే ప్రయోగశాలలో ఎంత నిస్పృహ ఉంటుందో ఊహించుకోండి. చివరికి 1999లో ఆమె బృందంలోని పరిశోధకురాలు రూతీ అమీర్ చేతికి అది చిక్కింది. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన ఉటా ఫ్రాంకే బృందం కూడా ఆ పనిలో భాగస్వామి. మొదటి రోగిని చూసి పదహారేళ్ళు.

జన్యువు పేరు మెక్‌పీ2. విచిత్రమేమంటే అది కొత్తది కాదు. ఎడిన్‌బరాకు చెందిన ఏడ్రియన్ బర్డ్ బృందం 1992లోనే దానిని కనుగొన్నది. అయితే వారికి వ్యాధితో పని లేదు. జన్యువులు ఎలా మేలుకుంటాయి, ఎలా నిద్రిస్తాయి అన్న మౌలిక ప్రశ్నతో పని. మన శరీరంలోని ప్రతి కణంలోనూ దాదాపు ఒకే గ్రంథం ఉంటుంది. పెద్దబాలశిక్ష ప్రతి ఇంటా ఉన్నా ఇంటికొక పుట తెరిచి చదువుకున్నట్లు, కాలేయం కొన్ని పుటలు చదువుతుంది, మెదడు వేరే పుటలు చదువుతుంది. ఏ పుటను ఎంతవరకు చదవాలో తెలిపే చిన్న రసాయన గుర్తులు డీఎన్‌ఏ మీద ఉంటాయి. వాటిని మిథైల్ గుర్తులంటారు. మెక్‌పీ2 తయారుచేసే ప్రోటీను ఆ గుర్తులను పట్టుకునే కాపలాదారు. ఈ కాపలాదారు శరీరమంతటా ఉన్నాడు గనుక ఇటువంటి మెదడు వ్యాధికి అతడే కారణమని ఎవరూ అనుమానించలేదు. నాడీకణానికి అతడి అవసరం అన్నిటికంటే ఎక్కువని రెట్ బాలికలు తెలియజేశారు.

ఇప్పుడు తల్లి మీది నిందకు వద్దాం. 1999 నాటి ఆ పరిశోధనలో కుటుంబ చరిత్ర లేని 21 మంది రోగులను పరిశీలించగా ఐదుగురిలో ఈ జన్యువులో తప్పు కనబడింది. ఆ తప్పులు వారి తల్లిదండ్రులలో లేవు. బిడ్డలోనే కొత్తగా పుట్టినవి. పైన చెప్పిన అక్కచెల్లెళ్ళ తల్లి రక్తంలో కూడా ఆ తప్పు లేదు. ఆమె అండాలలో కొన్నింటిలో మాత్రమే ఉండి ఉండాలి. తరువాతి పరిశోధనల్లో రెట్ లక్షణాలు పూర్తిగా ఉన్న బాలికల్లో నూటికి తొంభైఐదుగురికి పైగా ఈ జన్యువులోనే దోషం తేలింది. అంతకంటే ముఖ్యమైనది మరొకటి. ఈ కొత్త తప్పుల్లో అత్యధికం తండ్రి వీర్యకణంలో పుడతాయి. తండ్రి తన ఎక్స్ క్రోమోజోమును కూతురికే ఇస్తాడు, కొడుక్కి ఇవ్వడు. వ్యాధి ఆడపిల్లల్లోనే కనబడటానికి ఇదొక కారణం. ఇది చదివి వేలును తల్లి నుంచి తండ్రి వైపు తిప్పవద్దని మనవి. కోట్ల కణాలు తయారయ్యేటప్పుడు ఎత్తిరాతలో దొర్లే అక్షరదోషమది. ఏ వ్రతం తప్పినందువల్లా, ఏ తిండి తిన్నందువల్లా వచ్చినది కాదు. మరొక బిడ్డకు కూడా ఇది వచ్చే అవకాశం సాధారణంగా ఒక్క శాతం లోపే. అరుదుగా తల్లిలో ఈ దోషం మరుగున ఉంటుంది. అప్పుడు లెక్క మారుతుంది. అందుకే జన్యుసలహా తీసుకోకుండా ధైర్యమైనా భయమైనా పెట్టుకోరాదు.

ఆడపిల్లల్లోనే ఎందుకన్నదానికి రెండో కారణం కూడా చెప్పాలి. స్త్రీ శరీరంలోని ప్రతి కణంలోనూ రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి నిద్రాణంగా ఉంటుందని 1961లో మేరీ లయన్ ప్రతిపాదించారు. ఏది నిద్రిస్తుందో కణాన్ని బట్టి మారుతుంది. కనుక రెట్ బాలిక మెదడులో సుమారు సగం కణాలు మంచి జన్యువుతో పనిచేస్తాయి, సగం దోషంతో. ఒకే ఎక్స్ ఉన్న మగశిశువుకు ఆ సగం ఆసరా కూడా లేదు. చాలామంది తీవ్రమైన మెదడు జబ్బుతో శైశవంలోనే మరణిస్తారు.

ఇక్కడ వైద్యునికి మరొక ప్రశ్న తోస్తుంది: తక్కువైనది ఎక్కువ చేస్తే సరిపోతుందా? 2004లో జోగ్బీ బృందం ఈ ప్రోటీను రెట్టింపు తయారయ్యే ఎలుకలను పెంచింది. మొదట బాగానే ఉన్నాయి. వారాలు గడిచేకొద్దీ వాటికి మూర్ఛలు, కదలికల లోపాలు వచ్చాయి. మరుసటి సంవత్సరమే ఈ జన్యువు రెండు ప్రతులున్న మగపిల్లలను బెల్జియం పరిశోధకులు గుర్తించారు. ఆ పిల్లలకూ బుద్ధిమాంద్యం, మూర్ఛలు, తరచు అంటురోగాలు. కూరలో ఉప్పు లాంటిదన్నమాట, తగ్గినా చేటే, పెరిగినా చేటే. నేటి జన్యుచికిత్సకు ఇదే పెద్ద చిక్కు. ఒక క్లినికల్ ప్రయోగంలో అధిక మోతాదు పొందిన ఒకరు 2024లో మరణించడంతో ఆ మోతాదును నిలిపివేశారు. తక్కువ మోతాదులతో ప్రయత్నాలు సాగుతున్నాయి.

మరి ఆశ ఎక్కడున్నది? 2007లో ఏడ్రియన్ బర్డ్ బృందం ఒక ప్రయోగం చేసింది. జన్యువుకు తాళం వేసినట్లు చేసి ఎలుకలకు వ్యాధి ముదిరేదాకా ఆగి, తరువాత మందుతో ఆ తాళం తీశారు. చావుకు దగ్గరైన ఎలుకలు కోలుకున్నాయి. దీని అర్థం ఒకటే: రెట్ వ్యాధిలో నాడీకణాలు చచ్చిపోవు. పని సరిగా చేయలేక నిలిచి ఉంటాయి. అంతవరకూ మెదడు క్షీణించిపోతున్నదని తల్లిదండ్రులకు చెబుతూ వచ్చిన వైద్యలోకానికి ఆ ఫలితం పెద్ద కుదుపు. జోగ్బీకీ బర్డ్‌కూ కలిపి 2016లో షా బహుమతి ఇచ్చారు. 2021లో జోగ్బీ బృందం మరొక విషయం చూపింది. లక్షణాలు మొదలుకాక ముందే ఎలుకలకు ఒక పనిలో పదే పదే సాధన చేయిస్తే, ఆ పనికి సంబంధించిన లోపం ఆలస్యంగా వస్తుంది. ఎలుకలో జరిగినదంతా మనిషిలో జరగదు. అయినా చిన్ననాడే రోగనిర్ణయం చేయడానికి విలువ ఎందుకున్నదో ఈ ఫలితం చెబుతున్నది.

2023 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ట్రోఫినెటైడ్ అనే మందుకు అనుమతి ఇచ్చింది. రెట్ వ్యాధికి ప్రత్యేకంగా వచ్చిన మొదటి మందు అదే. మేలు పరిమితం, విరేచనాలు ఎక్కువ, ధర సామాన్యులకు అందనిది. జన్యుదోషాన్ని అది సరిచేయదు. కనుక మూలకణాలతో నయం చేస్తామని ప్రకటనలిచ్చే వారి మాట నమ్మి ఇల్లు వాకిలి తాకట్టు పెట్టవద్దు. అటువంటి నిరూపిత చికిత్స నేటికి లేదు.

మీ ఎరుకలో ఏ పాపైనా వచ్చిన మాటలు పోగొట్టుకున్నా, చేతితో వస్తువు పట్టుకోవడం మరచిపోయినా, దానిని ‘ఆలస్యపు ఎదుగుదల’ అని తోసిపుచ్చకండి. ఆలస్యంగా నేర్చుకోవడం వేరు, నేర్చినది కోల్పోవడం వేరు. రెండోది కనబడితే శిశు నాడీవైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. నేడు హైదరాబాదు వంటి నగరాల్లో కొద్దిపాటి రక్తంతో ఈ జన్యుపరీక్ష చేయించుకోవచ్చు. రోగం తేలిన తరువాత చేయదగినది చాలా ఉంది. మూర్ఛకు మందులు, వెన్ను వంకరకు వ్యాయామం, అవసరమైతే శస్త్రచికిత్స, నమలడం మింగడం కష్టమైనప్పుడు తగిన ఆహారం. గుండె లయలో దోషం రావచ్చు గనుక అప్పుడప్పుడు ఈసీజీ తీయించాలి. లయను చెడగొట్టే కొన్ని మందులను ఈ పిల్లలకు ఇవ్వరాదు.

ఈ బాలికలు మాటలాడలేరు, చేతితో చూపలేరు. చూపుతో మాత్రం చెబుతారు. ఎదుటివారి కళ్ళలోకి తదేకంగా చూడటం ఈ వ్యాధిలో తరచు కనిపించే లక్షణం. కంటి కదలికను పసిగట్టే కంప్యూటర్ తెరలు ఇప్పుడు వచ్చాయి. అవి లేని ఇంట్లో కూడా అన్నం గిన్నె బొమ్మ ఒకటి, నీళ్ళ గ్లాసు బొమ్మ ఒకటి అట్ట మీద అంటించి పాప ముందు పట్టుకుని, ఏది చూస్తుందో కాస్త ఓపికగా కనిపెట్టవచ్చు. జవాబు రావడానికి ఒక్కోసారి అర నిమిషం దాటుతుంది. అంతవరకూ అట్ట కదపకండి.